రే చార్ల్స్: చూపు లేకుండా స్వరాలు ఎలా చదివాడు, బ్యాండుకు ఎలా రాయించాడు, మనం ఎక్కణ్ణుంచి వినాలి

మీరు అడిగినవి నాలుగు. బొత్తిగా చూపు లేని అమెరికన్ గాయకుడు, పియానో వాద్యకారుడు రే చార్ల్స్ అంత పెద్ద బ్యాండుకు స్వరాలు ఎలా సమకూర్చాడు? సోల్ సంగీతానికి ఆద్యుడు అంటారు, కచ్చితంగా ఏం చేశాడని ఆ మాట? ఆయన జీవితం మీద తీసిన సినిమాలో చూపించినట్టు జార్జియా రాష్ట్రం ఆయన్ని నిషేధించిందా? ఇంట్లో కీబోర్డు ఉంది, ఏ పాటతో మొదలుపెట్టాలి? వరసగానే చెబుతాను, కాకపోతే మొదటిదానికి ఎక్కువ చోటు పడుతుంది. మిగతావాటికి సగం జవాబు దాంట్లోనే ఉంది.

ముందుగా ఒక మాట. "దేవుడు కళ్లు తీసుకుని చెవులిచ్చాడు" అని ఆయన గురించి రాయని వ్యాసం ఉండదు. ఆ మాట పక్కన పెడితే తప్ప ఆయన పని అర్థం కాదు. ఎనిమిదేళ్లు బడిలో కూర్చుని వేళ్లతో చదివి, చదివింది కంఠతా పట్టి, ఆ తర్వాత వాయించిన మనిషి ఆయన. ఆ క్రమశిక్షణే పాటలోనూ కనిపిస్తుంది, డబ్బు లెక్కల్లోనూ కనిపిస్తుంది.

పుట్టింది 1930 సెప్టెంబర్ 23న, జార్జియాలోని ఆల్బనీలో. పెరిగింది ఫ్లోరిడాలోని గ్రీన్‌విల్ అనే చిన్న ఊళ్లో. అసలు పేరు రే చార్ల్స్ రాబిన్సన్. అప్పటికే షుగర్ రే రాబిన్సన్ అనే బాక్సరు పేరు దేశమంతా మోగుతోంది కాబట్టి తర్వాత ఇంటిపేరు వదిలేశాడు. తల్లి అరీతా ఇళ్ల బట్టలు ఉతికి పిల్లల్ని సాకింది. రేకి ఐదేళ్లప్పుడు తమ్ముడు జార్జ్ బట్టలుతికే తొట్టిలో పడి చనిపోయాడు. ఆ తర్వాత కొన్నాళ్లకే రేకి చూపు మసకబారడం మొదలైంది, ఏడేళ్లకు పూర్తిగా పోయింది. కారణం గ్లాకోమా అంటారు, మన ఊళ్లలో నీటికాసులు అనేది దాన్నే. చూపు పోయిందని తల్లి పనులు మాన్పించలేదు. కట్టెలు కొట్టించింది, నీళ్లు తోడించింది, నేల తుడిపించింది. ఇరుగుపొరుగు నొచ్చుకున్నా లెక్కచేయలేదు. పెద్దయ్యాక ఆయన మూడు వస్తువుల్ని దగ్గరికి రానివ్వలేదు: చేతికర్ర, దారి చూపే కుక్క, గిటారు. వీధిలో గిటారు పట్టుకుని చెయ్యి చాపే గుడ్డి గాయకుడి బొమ్మ ఆయనకు అసలు గిట్టేది కాదు.

ఊళ్లో వైలీ పిట్‌మన్ అనే ఆయన నడిపే రెడ్ వింగ్ కెఫేలో ఒక పాత పియానో ఉండేది. బూగీ-వూగీ అనే చురుకైన పియానో బాణీ చెవిన పడింది అక్కడే. అసలు చదువు మాత్రం 1937 నుంచి 1945 దాకా సెయింట్ అగస్టీన్‌లోని బధిరుల, అంధుల పాఠశాలలో. ఫ్లోరిడా రాష్ట్ర ప్రభుత్వ బడి అది. నల్లపిల్లలకు వేరే విభాగం, వేరే భవనాలు. చూపు లేని పిల్లల్ని కూడా ఒంటి రంగును బట్టి వేరు చేసిన బడి.

ఇక బ్రెయిలీలో సంగీతం ఎలా రాస్తారో చూద్దాం. బ్రెయిలీ గడిలో ఆరు చుక్కలు ఉంటాయి. ఎడమ వరసలో పై నుంచి 1, 2, 3. కుడి వరసలో 4, 5, 6. సంగీతానికి వేరే ఆకారాలు లేవు, ఇవే చుక్కలకు వేరే అర్థం ఇస్తారు. పై నాలుగు చుక్కలు (1, 2, 4, 5) స్వరం పేరు చెబుతాయి. అడుగు రెండు (3, 6) అది ఎంతసేపు మోగాలో చెబుతాయి. 1-4-5 వేస్తే సి (C) స్వరం, ఎనిమిదో వంతు నిడివి. దానికి 6 కలిపితే పావు స్వరం, 3 కలిపితే అర స్వరం, రెండూ కలిపితే పూర్తి స్వరం. మరి పదహారో వంతు ఎలా? పూర్తి స్వరానికి వేసిన గుర్తే దానికీ వేస్తారు. ఆ గతిలో (ఇంగ్లీషులో బార్, మన తాళంలో ఆవర్తం లాంటిది) ఎన్ని మాత్రలు పడతాయో లెక్క చూసుకుని ఏదో చదివేవాడే తేల్చుకోవాలి. అంటే తాళం తెలియనివాడు బ్రెయిలీలో సంగీతం చదవలేడు. ఏ స్థాయిలో మోగాలో చెప్పడానికి స్వరం ముందు ఇంకో గుర్తు పడుతుంది.

కార్డులు, అంటే ఒకేసారి మోగించే స్వరాల గుత్తులు, రాసే తీరు ఇంకా గట్టిది. కుడిచేతి కార్డుకు అన్నిటికన్నా పై స్వరం ఒక్కటే పేరుతో రాస్తారు. మిగతావి దాని కింద ఎంత దూరంలో ఉన్నాయో, మూడో మెట్టా ఐదో మెట్టా అని గుర్తుపెడతారు. ఎడమచేతికి తలకిందులు: అన్నిటికన్నా కింది స్వరం రాసి పైకి దూరాలు చెబుతారు. ఇలా ఏళ్ల తరబడి చదివినవాడికి స్వరాల మధ్య దూరాలే మాతృభాష అవుతాయి. తర్వాత బ్యాండుకు స్వరాలు పేర్చేటప్పుడు పనికొచ్చింది ఆ అలవాటే.

పియానో దగ్గర మరో చిక్కు ఉంది. చదవడానికి వేళ్లు కావాలి, వాయించడానికీ అవే కావాలి. అందుకని ఎడమచేత్తో కాగితం తడుముతూ కుడిచేతి భాగం వాయించాలి. నాలుగైదు గతులు కంఠతా వచ్చాక చేతులు మార్చి, కుడిచేత్తో చదువుతూ ఎడమచేతి భాగం వాయించాలి. రెండూ విడివిడిగా వచ్చాక కాగితం పక్కన పెట్టి కలిపి వాయించాలి. ఆ తర్వాతే తర్వాతి నాలుగు గతులు. చూపున్నవాడిలా కాగితం ఎదురుగా పెట్టుకుని అప్పటికప్పుడు వాయించడం అనేదే ఉండదు. బాఖ్ అయినా మోజార్ట్ అయినా బుర్రలోకి ఎక్కాకే చేతికి వస్తుంది. మన వేదపాఠశాలల్లో సంత చెప్పుకున్నట్టు అనుకోండి, గురువు గొంతు బదులు చుక్కలు.

1945లో తల్లి పోయింది. అప్పటికి ఆయనకు 14 ఏళ్లు. బడి వదిలి జాక్సన్‌విల్, ఓర్లాండో, టాంపాల్లో ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గర వాయించాడు. టాంపాలో తెల్లవాళ్ల కంట్రీ (అమెరికా పల్లె పాటల) బృందం ఫ్లోరిడా ప్లేబాయ్స్‌లో కూడా పియానో పట్టాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, పదిహేనేళ్ల తర్వాత అక్కరకొస్తుంది. 1948లో అమెరికా పటం మీద ఫ్లోరిడాకు సాధ్యమైనంత దూరంలో ఉన్న సియాటెల్‌కు వెళ్లిపోయాడు. అక్కడ ట్రంపెట్ వాయించే కుర్రవాడు క్విన్సీ జోన్స్ పరిచయమయ్యాడు. ఆ కుర్రవాడు ఊదుడు వాద్యాలకు స్వరాలు పేర్చే పని మొదట చూసి నేర్చుకున్నది ఈయన దగ్గరే.

ఇప్పుడు అసలు ప్రశ్న. చూడలేనివాడు చూపున్నవాళ్లు చదివే కాగితం ఎలా తయారుచేస్తాడు? నోటితో చెప్పి రాయించాడు. మొత్తం అమరిక ముందే బుర్రలో ఉంటుంది. పక్కన నొటేషన్ తెలిసినవాడు కాగితం పట్టుకుని కూర్చుంటాడు. రే ఒక వాద్యం తీసుకుని, దాని భాగం మొదటినుంచి చివరిదాకా స్వరం స్వరంగా చెప్పేవాడు. అది ముగిశాక రెండో వాద్యం. ఇందులో కష్టం ఎక్కడుందో బ్యాండులో వాయించినవాళ్లకు తెలుసు. శాక్సోఫోన్, ట్రంపెట్ కాగితం మీద ఉన్న పేరుతో మోగవు. పియానో మీద ఈ-ఫ్లాట్ వినిపించాలంటే ఆల్టో శాక్సోఫోన్ కాగితం మీద సి అని ఉండాలి, ట్రంపెట్, టెనర్ శాక్సోఫోన్ల కాగితాల మీద ఎఫ్ అని ఉండాలి. చెప్పేవాడు వాద్యానికో లెక్కన మార్చి చెప్పాలి, లేదా రాసేవాడు మార్చి రాసుకోవాలి. ఇద్దరిలో ఒకరు మర్చిపోయినా, ఇద్దరూ మార్చేసినా, రిహార్సల్లో మొదటి గతిలోనే గోల. రే స్వయంగా ఆల్టో వాయిస్తాడు, క్లారినెట్ వచ్చు. కాబట్టి ఆ వాద్యకారుడి వేళ్లకు ఏది అనువో, ఏది కాదో తెలిసి చెప్పేవాడు.

1950ల్లో ఆయన సొంత బ్యాండు చిన్నది. రెండు ట్రంపెట్లు, శాక్సోఫోన్లు, బేస్, డ్రమ్స్, పియానో. టెనర్ మీద డేవిడ్ న్యూమన్, తర్వాత ఆల్టో, బారిటోన్ శాక్సోఫోన్‌ల మీద హాంక్ క్రాఫర్డ్. నలుగురైదుగురు ఊదితే పదిహేనుమంది ఊదినట్టు వినిపించడం ఆ బ్యాండు రహస్యం. స్వరాల్ని దగ్గరదగ్గరగా పేర్చి, అడుగున బారిటోన్‌ను పెడితే ఆ బరువు వస్తుంది. తాళం ఆయన కాళ్లలో ఉండేది. డ్రమ్మరు ఆయన పాదాల్ని చూస్తూ వాయించాలి. ముఖ్యంగా నెమ్మది పాటల్లో దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎంత ఖాళీ ఉండేదంటే, డ్రమ్మరు ఒక్క క్షణం పరధ్యానంగా ఉన్నా ముందే కొట్టేస్తాడు.

రెండో ప్రశ్న: సోల్ అంటే ఏం చేశాడు? మొదటి నాలుగైదేళ్లు ఆయన సొంత గొంతుతో పాడనే లేదు. 1949లో వచ్చిన "కన్‌ఫెషన్ బ్లూస్" వినండి. అప్పటికే పేరున్న గాయకులు నాట్ కింగ్ కోల్, చార్ల్స్ బ్రౌన్‌ల నకలు మెత్తగా జారుతూ ఉంటుంది. ఆ పాట బాగానే ఆడింది, కానీ అది ఎవరిదో గొంతు. 1952లో అట్లాంటిక్ రికార్డు కంపెనీ 2,500 డాలర్లకు ఆయన ఒప్పందాన్ని కొనుక్కుంది. 1953లో న్యూ ఆర్లియన్స్‌లో గిటార్ స్లిమ్ అనే బ్లూస్ (నల్లవాళ్ల దుఃఖపు పాటల బాణీ) గాయకుడి పాటకు అమరిక చేసి పియానో వాయించాడు. స్లిమ్ చర్చిలో గొంతు చించుకున్నట్టు పాడతాడు. ఆ మోటుదనం దగ్గర నుంచి చూశాక రే నకలు మానేశాడని చాలామంది విశ్లేషకుల లెక్క, నాకూ సబబే అనిపిస్తుంది.

1954 నవంబర్ 18న అట్లాంటాలో, జార్జియా టెక్ కాలేజీలోని రేడియో స్టేషన్ స్టూడియోలో "ఐ గాట్ ఎ ఉమన్" రికార్డు చేశాడు. సదరన్ టోన్స్ అనే చర్చి బృందం పాడిన "ఇట్ మస్ట్ బి జీసస్" రేడియోలో విని, తన బ్యాండులో ట్రంపెట్ వాయించే రెనాల్డ్ రిచర్డ్‌తో కలిసి కట్టిన పాట అది. వరస చర్చిది, మాటలు ప్రియురాలి మీద. మన దగ్గర హిట్టయిన సినిమా పాట వరసకు భజన కట్టడం ఏ వినాయక చవితి పందిట్లో అయినా చూస్తాం, ఎవరూ ఏమీ అనరు. ఆయన చేసింది దానికి తిరగబడ్డ పని కాబట్టి రచ్చ అయింది. దేవుడి కోసం ఎత్తిన గొంతును పడకగదిలోకి తెచ్చాడని చర్చి పెద్దలే కాదు, బిగ్ బిల్ బ్రూన్జీ లాంటి బ్లూస్ గాయకుడు కూడా తప్పుపట్టాడు. 1955లో ఆ పాట నల్లవాళ్ల సంగీతపు హిట్ పాటల జాబితాలో మొదటి స్థానానికి వెళ్లింది.

మాటలు మార్చడం ఒక్కటే అయితే అది పేరడీ. ఆయన చర్చి పాట యంత్రాంగం మొత్తాన్ని ఎత్తుకొచ్చాడు. పాస్టరు ఒక మాట అంటే సంఘం బదులు పలకడం: ఆ సంఘం పాత్రకు రేలెట్స్ అనే మహిళా బృందాన్ని పెట్టాడు, అందులో మార్జీ హెండ్రిక్స్ గొంతు గరుకు కాగితం లాంటిది. ఒక్కో దెబ్బను మూడుగా చీల్చి నెమ్మదిగా నడపడం: "డ్రౌన్ ఇన్ మై ఓన్ టియర్స్" వింటూ చేత్తో తాళం వేయండి, నాలుగు దెబ్బలు, ఒక్కోదాంట్లో మూడేసి అక్షరాలు, తిశ్ర నడక. ఇక గొంతు. కర్ణాటక సంగీతం విన్న చెవికి ఇది త్వరగా పట్టుబడుతుంది. బ్లూస్‌లో గాంధారం ఒకచోట నిలవదు. సాధారణ గాంధారం దగ్గర ఎత్తుకుని అంతర గాంధారం వైపు జారుతుంది, చాలాసార్లు మధ్యలోనే ఆగిపోతుంది. పియానో మీద ఆ మధ్య స్థానం లేదు కాబట్టి రెండు కీలూ దాదాపు ఒకేసారి నొక్కి నలుగుడు పుట్టిస్తారు. గొంతుకు ఆ ఇబ్బంది లేదు. ఆయన పాటలో ఏడుపులా వినిపించేది ఎక్కువగా అక్కడే ఉంది.

"వాట్‌డ్ ఐ సే" గురించి కొంచెం ఆగి చెప్పాలి, మీ కీబోర్డు ప్రశ్నకూ అదే దారి. 1958 చివర్లో పెన్సిల్వేనియాలోని బ్రౌన్స్‌విల్‌లో ఒక డాన్సు కార్యక్రమం. వాయించాల్సిన పాటలన్నీ అయిపోయాయి, ఇంకా సమయం మిగిలింది. ఎడమచేత్తో ఒక బిట్ అందుకుని, మీరూ నాతో రండని బ్యాండుకు చెప్పి, అమ్మాయిల్ని తను ఏమంటే అది తిరిగి అనమన్నాడు. జనం ఊగిపోయారు. 1959 ఫిబ్రవరి 18న అట్లాంటిక్ స్టూడియోలో రికార్డింగు ఇంజనీరు టామ్ డౌడ్ ఎనిమిది ట్రాకుల టేపు మీద దాన్ని రికార్డు చేశాడు, అప్పటికి ఆ సదుపాయం చాలా అరుదు. పాట ఏడు నిమిషాలు దాటింది. 45 అనే చిన్న గ్రామఫోన్ రికార్డు ఒక వైపున మూడు నాలుగు నిమిషాలకు మించి పట్టదు. అందుకని డౌడ్ తిరిగి తిరిగి వచ్చే వరసలు కత్తిరించి, పాటను రెండు భాగాలు చేసి రెండు వైపులా ఎక్కించాడు. మధ్యలో పాట ఆగిపోయినట్టు నటించడం, బ్యాండువాళ్లు ఇంకా కావాలని గోల చేయడం ఆ రెండు భాగాల అతుకు దగ్గరే వస్తుంది. ఆ తర్వాత వచ్చే మూలుగుల సవాలు-జవాబు విని కొన్ని రేడియో స్టేషన్లు ఆ పాట వేసేది లేదన్నాయి. అయినా పాప్ జాబితాలో ఆరో స్థానం దాకా వెళ్లింది.

అందులో మోగేది మామూలు పియానో కాదు, వుర్లిట్జర్ ఎలక్ట్రిక్ పియానో. ఊరూరా తిరిగేవాడికి క్లబ్బుల్లో దొరికే పియానోలు శ్రుతి తప్పి ఉంటాయి, కొన్ని కీలు పలకవు. వాటిని నమ్ముకోలేక సొంత వాద్యం వెంట తీసుకెళ్లాడు. అందులో తీగలుండవు. సుత్తులు ఉక్కు రీడ్లను కొడతాయి. మెల్లగా నొక్కితే మెత్తగా, గట్టిగా కొడితే బొంగురుగా మొరుగుతుంది. మీ కీబోర్డులో "ఎలక్ట్రిక్ పియానో" అని మొదట వచ్చే శబ్దం చాలావరకు గంటలా మోగే రోడ్స్ రకం. దాన్ని కాకుండా వుర్లిట్జర్ రకం వెతకండి.

పాట ఈ (E) మేజర్‌లో ఉంది, మన లెక్కలో మూడు శ్రుతి. పన్నెండు గతుల బ్లూస్. ఈ సెవెన్త్ నాలుగు గతులు, ఏ (A) సెవెన్త్ రెండు, మళ్లీ ఈ సెవెన్త్ రెండు, బి సెవెన్త్ ఒకటి, ఏ సెవెన్త్ ఒకటి, ఈ సెవెన్త్ రెండు. కార్డుల్లో స్వరాలు: ఈ సెవెన్త్‌కు ఈ, జి-షార్ప్, బి, డి. ఏ సెవెన్త్‌కు ఏ, సి-షార్ప్, ఈ, జి. బి సెవెన్త్‌కు బి, డి-షార్ప్, ఎఫ్-షార్ప్, ఏ. ఇప్పుడు "ఈ" (E) అనే స్వరాన్ని షడ్జమం అనుకుని చూడండి. మొదటి కార్డులో అంతర గాంధారం ఉంది, రెండో కార్డులో సాధారణ గాంధారం. మొదటిదాంట్లో కైశికి నిషాదం, మూడోదాంట్లో కాకలి. ఒకే పాటలో రెండు గాంధారాలూ రెండు నిషాదాలూ మారి మారి వస్తాయి. గొంతు వాటి మధ్య జారడానికి చోటు ఇక్కడే దొరుకుతోంది. ఇది ఏ రాగం అని వెతికితే దొరకదు, వెతక్కండి.

నేర్చుకునేటప్పుడు ఎక్కడ చెడుతుందో చెబుతాను. మొదటిది తొందర. కుడిచెయ్యి అంత సరదాగా ఉంటుంది కాబట్టి అందరూ దాంతో మొదలుపెడతారు, ఎడమచెయ్యి కుంటుతుంది. వారం రోజులు ఎడమచేతి బిట్ ఒక్కటే, మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) 60 మీద, పక్కవాళ్లతో మాట్లాడుతూ కూడా తప్పకుండా వాయించగలిగేదాకా చేయండి. రెండోది నడక. బ్లూస్ అనగానే ఊగుడు తాళం వేసేస్తారు. ఈ పాటలో అక్షరాలు సమంగా, లాటిన్ రుంబా వైపు నడుస్తాయి. డ్రమ్స్ మీద మిల్ట్ టర్నర్ ఏం చేస్తున్నాడో విడిగా ఒకసారి వినండి. మూడోది ట్రాన్స్‌పోజ్ బటన్. తెల్ల కీల మీద వాయించి బటన్‌తో శ్రుతి మార్చుకుంటే శబ్దం వస్తుంది కానీ, మూడు శ్రుతిలో చేతి కింద నల్ల కీ నుంచి తెల్ల కీ మీదకు వేలు జార్చే సుఖం పోతుంది.

ఇంకో సంగతి, మీరు ఎప్పుడైనా శాక్సోఫోన్, ట్రంపెట్ ఉన్న బ్యాండుతో దీన్ని వాయించాలనుకుంటే ముందే జాగ్రత్త. పియానో ఈ మేజర్‌లో ఉంటే ఆల్టోవాడి కాగితం సి-షార్ప్ మేజర్ అవుతుంది, ఏడు షార్ప్‌లు. ట్రంపెట్‌కు ఆరు. కొత్తవాళ్లయితే మొహాలు మాడ్చుకుంటారు. అరమెట్టు కిందికి, రెండున్నర శ్రుతికి దించితే వాళ్లకు హాయి, మీకు కొంచెం కష్టం.

నిజానికి మొదటి పాటగా ఇది వద్దు. "హిట్ ద రోడ్ జాక్"తో మొదలుపెట్టండి. 1961లో వచ్చింది, రాసింది పెర్సీ మేఫీల్డ్, నిడివి రెండు నిమిషాలే. ఏ (A) మైనర్‌లో వాయిస్తే నాలుగు కార్డులు: ఏ మైనర్, జి, ఎఫ్, ఈ సెవెన్త్. ఒక్కోటి రెండు దెబ్బలు. మొదటినుంచి చివరిదాకా ఇంతే, మారదు. ఎడమచెయ్యి మెట్లు దిగినట్టు దిగుతుంది. నాలుగు రోజుల పని. రికార్డుతో కలిపి వాయించాలంటే మాత్రం అరమెట్టు తగ్గించుకోవాలి.

ఒప్పందం సంగతి మీరు అడగలేదు కానీ దీన్ని వదిలేస్తే ఆయన జీవితంలో సగం వదిలేసినట్టే. 1959 చివర్లో అట్లాంటిక్ వదిలి ఏబీసీ-పారమౌంట్ అనే రికార్డు కంపెనీకి మారాడు. ఏడాదికి 50,000 డాలర్ల హామీ, గాయకుడిగా రాయల్టీ, దాని మీద నిర్మాతగా లాభంలో డాలరుకు 75 సెంట్ల వాటా. వీటన్నిటినీ మించింది మాస్టర్ టేపుల షరతు. మాస్టర్ అంటే అసలు రికార్డింగు. అది ఎవరి చేతిలో ఉంటే రేపు సీడీ వేసినా, సినిమాలో వాడినా, ప్రకటనకు ఇచ్చినా డబ్బు వాళ్లకు. గాయకుడికి మాస్టర్లు దక్కడం ఆ రోజుల్లో దాదాపు వినని మాట, అందులోనూ ఒక నల్ల గాయకుడికి. తర్వాత లాస్ ఏంజెలెస్‌లో వెస్ట్ వాషింగ్టన్ బులెవార్డ్ మీద సొంత భవనం, సొంత స్టూడియో కట్టుకున్నాడు. టాంజరీన్ పేరుతో పాటల హక్కుల సంస్థ, రికార్డు కంపెనీ పెట్టాడు. ఆ స్టూడియోలో మిక్సింగ్ బోర్డు దగ్గర కూర్చుని ఫేడర్లు (శబ్దం పెంచే, తగ్గించే మీటలు) తనే నడిపేవాడు. 1973లో ఏబీసీ వదిలినప్పుడు మాస్టర్లు తన వెంటే వచ్చాయి.

దీనివల్ల శ్రోతకు ఒక ఇబ్బంది ఉంది. 1952 నుంచి 1959 దాకా పాడినవి అట్లాంటిక్ చేతిలో, 1960 తర్వాతవి ఆయన సంస్థ చేతిలో. అందుకే రెండు కాలాలూ సరిగ్గా కలిసిన సంకలనాలు తక్కువ. పైగా 1949-52 నాటి తొలి పాటల్ని "గ్రేటెస్ట్ హిట్స్" అని ఆకర్షణీయమైన అట్టతో అమ్మే చౌక సంకలనాలు కుప్పలు. అలాంటిది కొని, "ఇదేనా రే చార్ల్స్" అని పెదవి విరిచినవాళ్లు చాలామంది. పాట పక్కన రికార్డు చేసిన సంవత్సరం లేకపోతే ఆ సంకలనం జోలికి పోకండి.

జార్జియా సంగతి. 2004లో వచ్చిన సినిమాలో రాష్ట్రం ఆయన్ని జీవితాంతం నిషేధించినట్టు, 1979లో క్షమాపణ చెప్పినట్టు చూపించారు. నిషేధం జరగలేదు. జరిగింది ఇది: 1961 మార్చి 15న ఆగస్టా పట్టణంలో బెల్ ఆడిటోరియంలో డాన్సు కార్యక్రమం. కింద నాట్యం చేసే చోటు తెల్లవాళ్లకు, నల్లవాళ్లు పైన బాల్కనీలో నిలబడి చూడాలి. స్థానిక నల్లజాతి విద్యార్థులు ఆ సంగతి చేరవేశారు, ఆయన కార్యక్రమం రద్దు చేసుకున్నాడు. ఏర్పాటు చేసినవాడు ఒప్పందం తప్పాడని దావా వేస్తే 757 డాలర్లు కట్టాల్సి వచ్చింది. అంతే. 1979 మార్చి 7న జార్జియా శాసనసభలో "జార్జియా ఆన్ మై మైండ్" పాడాడు, ఏప్రిల్‌లో అది రాష్ట్ర గీతమైంది. ఆ పాట ఆయన రాసింది కాదు, 1930లో హోగీ కార్మైకేల్, స్టువర్ట్ గొరెల్ కట్టింది. 1960లో ఈయన పాడాక మిగతావాళ్ల పాటలు వెనకబడిపోయాయి.

హెరాయిన్ విషయంలో సినిమా మరీ తప్పు చెప్పలేదు. పదహారు పదిహేడేళ్ల వయసులో పట్టుకున్న అలవాటు 1964 అక్టోబర్‌లో బోస్టన్ విమానాశ్రయంలో పట్టుబడేదాకా సాగింది. 1965 అంతా కచేరీలు మానేసి, కాలిఫోర్నియాలో ఆసుపత్రిలో చేరి, ఉన్నపళంగా మానేశాడు. 1966లో జైలు తప్పింది, 10,000 డాలర్ల జరిమానా, ఐదేళ్ల పర్యవేక్షణ పడ్డాయి. చదరంగం పట్టుకున్నది ఆ రోజుల్లోనే. ఆయన వాడిన రకం బల్ల మీద నల్లగళ్లు ఎత్తుగా ఉంటాయి, పావులు చిల్లుల్లో దిగబడి ఉంటాయి, ఒక రంగు పావుల తల మీద తడిమితే తెలిసే గుర్తు ఉంటుంది. చేత్తో తడిమినా పావు కదలదు.

వినే వరస చెప్పి ముగిస్తాను. మొదట "ది బర్త్ ఆఫ్ సోల్", 1991లో అట్లాంటిక్ వేసిన మూడు సీడీల పెట్టె, 53 పాటలు. పాట పాటకూ గొంతు ఎలా మారిందో దాంట్లో వరసగా వినిపిస్తుంది. తర్వాత "రే చార్ల్స్ ఇన్ పర్సన్", 1959 మే 28న అట్లాంటాలో స్టేడియంలో జరిగిన కచేరీ, ఒకే ఒక్క మైకుతో పట్టినది. అందులోని "డ్రౌన్ ఇన్ మై ఓన్ టియర్స్" స్టూడియోలో పాడినదానికన్నా నెమ్మది. పైన డ్రమ్మరు గురించి చెప్పింది అక్కడ తెలుస్తుంది. ఆ తర్వాత 1961 నాటి "జీనియస్ ప్లస్ సోల్ ఈక్వల్స్ జాజ్", ఇందులో పియానో వదిలి హామండ్ ఆర్గన్ పట్టాడు.

ఆపైన 1962 నాటి "మోడరన్ సౌండ్స్ ఇన్ కంట్రీ అండ్ వెస్టర్న్ మ్యూజిక్". కంట్రీ పాటలు పాడితే ఉన్న శ్రోతలు పోతారని కంపెనీ భయపడింది. టాంపాలో కంట్రీ బృందంతో తిరిగిన మనిషికి ఆ భయం లేదు. పద్నాలుగు వారాలు జాబితాలో మొదటి స్థానంలో ఉందా ఆల్బమ్. వయొలిన్లు, కోరస్ నా చెవికి కొన్నిచోట్ల మరీ తియ్యగా ఉంటాయి. "ఐ కాన్ట్ స్టాప్ లవింగ్ యూ"లో కోరస్ చక్కగా పాడుతుంటే ఆయన ఒక అక్షరం ఆలస్యంగా వచ్చి వాళ్లను ఒరుసుకుంటూ పోతాడు, దాని కోసం భరించవచ్చు. 1970ల, 80ల ఆల్బమ్‌లు తీరికున్నప్పుడు చూసుకోవచ్చు, 1972 నాటి "అమెరికా ద బ్యూటిఫుల్" మాత్రం వదలొద్దు. 2004 జూన్ 10న ఆయన కన్నుమూశాక రెండున్నర నెలలకు వచ్చిన యుగళగీతాల ఆల్బమ్ "జీనియస్ లవ్స్ కంపెనీ"కి ఎనిమిది గ్రామీలు వచ్చాయి. అందులో మొదటి పాట నోరా జోన్స్‌తో, మన రవిశంకర్ గారి అమ్మాయి. గొంతు బాగా అరిగిపోయిన కాలం అది, దాంతో మాత్రం మొదలుపెట్టకండి.

చివర్లో మీరు ఆయన పేరిట అంధులకు సాయం చేసే సంస్థ ఉందా అని కూడా రాశారు. 1986లో ఆయన పెట్టిన సంస్థ వినికిడి లోపం ఉన్నవాళ్ల కోసం. చెవిలో అమర్చే కాక్లియర్ పరికరాలకు, ఆ పరిశోధనకు డబ్బిచ్చింది. చూపు లేకపోవడం తనకు పెద్ద లోటు కాదనీ, చెవులు పోతే మాత్రం ఏం చేయాలో తోచదనీ ఆయన అభిప్రాయం.